దగ్గని వార్డు

“న్యుమోనియా వార్డులో చీమ చిటుక్కుమన్నా వినిపిస్తోందే! అందరికీ దగ్గు తగ్గిందా?” అంది డాక్టరమ్మ.

నర్సు కిటికీ పక్క మంచం వైపు చూపించింది. అక్కడ రిటైరైన లైబ్రేరియన్ పెద్దమ్మ నోటికి చేతిరుమాలు అడ్డం పెట్టుకుని దగ్గుని దిగమింగుతోంది.

“పెద్దమ్మా, మందు క్రిముల్ని చంపుతుంది. ఊపిరితిత్తుల్లో కఫాన్ని మాత్రం మీరే దగ్గి బయటికి తేవాలి,” అంది డాక్టరమ్మ.

“ముప్పై ఏళ్ళు అందర్నీ ‘ష్’ అన్నదాన్ని. ఇప్పుడు నేనే దగ్గితే నలుగురూ ఏమనుకుంటారమ్మా?”

“కోలుకుంటున్నారనుకుంటారు. కానివ్వండి.”

పెద్దమ్మ కళ్ళు మూసుకుని గట్టిగా దగ్గింది.

ఎదురు మంచం తాతయ్య లేచి కూర్చున్నాడు. “అమ్మయ్య! ఇంక మేమూ దగ్గొచ్చన్నమాట. మొన్న ఒక్కసారి దగ్గితే మీరు కళ్ళజోడు పైనుంచి ఎలా చూశారో!”

వార్డంతా ఒక్కసారిగా దగ్గింది.

అలవాటుగా పెదాల దాకా వెళ్ళిన పెద్దమ్మ వేలు, సిగ్గుపడి ముక్కు గోక్కుంది.