మూడుముళ్ల వైద్యం

“లాకుల ఊసెత్తావంటే ఊరుకోను. మాట్లాడేవాళ్ల మొహంలోకి చూడు,” పెళ్లిచూపులకి ద్రాక్షారామంలో కారు దిగుతూ కొడుక్కి ఆఖరి పాఠం చెప్పింది సీతారామలక్ష్మి.

కొడుకు మణిశంకర్‌కి కాకినాడలో కంప్యూటర్ ఉద్యోగం. ఎవరి కళ్లలోకీ చూడడు. కదిపితే మాత్రం గోదావరి కాలవల మీది లాకులన్నీ వరసగా చెప్పేస్తాడు. “ఇది ఆటిజమండి. మందు లేదు, అక్కర్లేదు. మీవాడు బాగానే ఉన్నాడు,” అన్నాడు విశాఖపట్నం డాక్టరు. ఫీజు పుచ్చుకుని మందు రాయనివాడు డాక్టరేంటని ఆవిడ పసరు తాగించింది, తాయెత్తు కట్టించింది, నాలిక మీద బంగారు పుల్లతో బీజాక్షరాలు రాయించింది. చివరికి తమ్ముడు సూర్యప్రకాశం తేల్చేశాడు.

“పెళ్లి చేసెయ్యక్కా. మూడు ముళ్లు పడితే ఆటిజమేంటి, దాని తాత కూడా దిగుతాడు.”

“అవతలివాళ్లకి తెలిస్తేనో?”

“తెలిసేలోపు ముళ్లు వేయించేద్దాం.”

పెళ్లికూతురు హరిచందన తలొంచుకుని వచ్చి చాప మీద కూర్చుంది. ఎవరివంకా చూళ్లేదు.

“ఈ రోజుల్లో ఇంత అణకువా!” మురిసిపోయింది సీతారామలక్ష్మి. “వంటొచ్చా అమ్మా?”

“పులిహోర.”

“ఇంకా?”

“పులిహోర.”

“గొప్పలు చెప్పుకోవడం తెలీదండి మా పిల్లకి,” అన్నాడు తండ్రి భీమశంకరం.

పాట పాడమన్నారు. పాడింది. అయిపోగానే మళ్లీ మొదట్నుంచి అదే పాట అందుకుంది. తల్లి మోచెయ్యి నొక్కాక గానీ ఆపలేదు.

“సంగీతమంటే ఎంత శ్రద్ధండీ!” అన్నాడు సూర్యప్రకాశం.

భీమశంకరం పెళ్లికొడుకు వైపు తిరిగాడు. “తీరిక వేళల్లో ఏం చేస్తుంటారు బాబూ?”

“ధవళేశ్వరం లాకు, తరవాత...”

మేనమామ తొడపాశం పెట్టాడు. “షికార్లండి. నీళ్లంటే ప్రాణం మావాడికి.”

అంతలో మణిశంకర్ చటుక్కున లేచాడు. గోడ దగ్గరికెళ్లి ఫ్యాను ఆపేశాడు. మండు వేసవి.

“చప్పుడు,” అన్నాడు.

గుట్టు రట్టయింది, సంబంధం గోదాట్లో కలిసింది అనుకుంది సీతారామలక్ష్మి.

హరిచందన అప్పుడు తలెత్తింది.

“హమ్మయ్య,” అంది.

వాళ్లిద్దరూ హాయిగా కూర్చున్నారు. పెద్దలంతా చెమటలు కక్కుతూ నవ్వారు.

“మావాడికి కరెంటు పొదుపెక్కువండి,” సర్దబోయాడు సూర్యప్రకాశం.

“పొదుపరి అల్లుడు దొరకడం మా అదృష్టమండి. మీకు నచ్చితే ఈ నెల్లోనే ముహూర్తం పెట్టేసుకుందాం,” అన్నాడు భీమశంకరం.

“అంత తొందరేంటండీ?” అని సూర్యప్రకాశం బెట్టు చెయ్యబోతే, అక్కగారు తమ్ముడి కాలు తొక్కింది. “అన్నయ్యగారి మాటే మా మాటండి. తాంబూలాలు ఇప్పుడే పుచ్చేసుకుందాం.”

పుచ్చేసుకున్నారు. వియ్యాలవారి కారు సందు మలుపు తిరిగేదాకా నవ్వుతూ చెయ్యూపి, భీమశంకరం భార్య తలుపు గడియ పెట్టి మొగుడి పక్కన కూలబడింది.

“ఇక మన పిల్ల ఆటిజం వాళ్లే నయం చేసుకుంటారు లెండి.”