ఎడమ బూటు

కొండల పరుగు పందెంలో ముగింపు గీత దాటి వచ్చిన తమ్ముడికి నీళ్ల సీసా అందిస్తూ అక్క వెనక్కి చూసింది.

"బావ ఏడిరా?"

"వస్తాడక్కా."

"వస్తాడేంటి, వచ్చేశాడుగా. దేశం కాని దేశం వచ్చి మీరు కొండలెక్కుతుంటే, పొద్దుట్నుంచీ నేను చుక్కలు చూస్తూ కూర్చున్నాను."

ఫోన్ చూపించింది. మ్యాప్ మీద బావా బావమరుదుల చుక్కలు రెండూ పక్కపక్కనే ఆఖరి కొండ దిగి, ఇక్కడికొచ్చి ఆగాయి.

తమ్ముడు వంగి లేసులు విప్పసాగాడు. మనిషి ఎక్కడున్నాడో చెప్పే చిప్ కుడి బూటుకి ఒకటుంది. ఎడమ బూటుకి ఇంకొకటి.

"అదెవరిది?"

"బావదే. మూడో కొండ మీద ఛాతీ పట్టేసిందని కూర్చున్నాడు. చుక్క ఆగితే మీ అక్క హడలిపోతుంది, ఇది నువ్వు కట్టుకుని పద, నేను మెల్లగా వస్తానన్నాడు."

అక్క ఫోన్‌లో ఇందాక వచ్చిన నంబరు వెతికింది.

"ఇందాక వైద్య శిబిరం వాళ్లు ఫోన్ చేశార్రా. ఎవరో పడిపోయాడట, ఉలుకూ పలుకూ లేదట. చొక్కాకి గుచ్చిన పందెం కాగితం వెనక నా ఫోన్ నంబరుందట. వెంటనే రమ్మన్నారు."

"నువ్వేమన్నావు?"

"చుక్క చూశాను. మా ఆయన నిక్షేపంగా పరిగెడుతున్నాడు, ఇంకెవరినో అడగండని పెట్టేశాను."