ఏటవాలు పైపు

ఉదయం పదకొండుంబావుకు డ్రిల్లు గోడలోపలి వైరుకు తగిలింది. చోడవరంలో రిటైరైన లెక్కల మాస్టారు వేంకటరమణమూర్తి ఇంట్లో కరెంటు పోయింది.

ఎలక్ట్రీషియన్ సత్యారావు స్టూలు దిగాడు. "బోర్డు కాడ్నించి పైపు తిన్నగా పైకెల్లాలి గదా మాస్టారూ! ఇటెందుకొచ్చింది?"

"రిపేర్లప్పుడు నేనే ఏటవాలుగా వేయించేను. రెండు భుజాల కంటే కర్ణం పొట్టిది. మూడు మీటర్ల పైపు మిగిలింది."

"ముందే సెప్పొద్దా బాబూ?"

"లెక్క రైటేరా."

"రైటే," అంది భార్య కనకవల్లి. "మీ సన్మానం ఫొటో తగిలించబోయి, వాడి ఫొటోకి దండేయించేవారు."

సత్యారావు నవ్వాడు. డ్రిల్లు మాత్రం సంచిలో పెట్టేశాడు.

మాస్టారు అది చూశారు. చాక్‌పీసు తెచ్చి, కొత్త రంగు మీద పైపు వెళ్లిన దారంతా గీత గీశారు.

ఒంటిగంటకు అన్ని గదుల్లోనూ ఏటవాలు గీతలున్నాయి. ఫొటో బీరువా మీద ఉంది.