లెక్కలాయన

సెలూన్ ఆయన వీధి మొదట్లో నిలబడి రెండుసార్లు ఈల వేశాడు.

చేతిలో రిజిస్టరున్న మనిషెవడో వస్తున్నాడని దానర్థం. క్షణంలో పిల్లలు ఇళ్లలోకి మాయమయ్యారు. తలుపులకు గడియలు పడ్డాయి.

పుట్టేవాళ్లు తగ్గి, ముసలివాళ్లు పెరిగిన ఊరది. ప్రసూతి వార్డులో ఇప్పుడు మోకాళ్ల నొప్పులు చూస్తున్నారు. బొమ్మల కొట్టు మందుల కొట్టయింది. కుర్రజంటలు ఫ్యాక్టరీలున్న చోటికి వలసపోయాయి. ప్రభుత్వం ఏడాదికోసారి మనుషుల్ని పంపి తలలు లెక్కపెట్టిస్తుంది. తక్కువ తేలిన చోట ఏదో ఒకటి ఎత్తేస్తుంది.

పోయినేడు పక్కవీధి వాళ్లు అడిగిందే తడవుగా పిల్లల పేర్లు చెప్పారు. తక్కువున్నారని వారం తిరక్కుండా వాళ్ల బడి ఎత్తేశారు, ఆ పేర్లన్నీ హైవే అవతలి బడికి మారిపోయాయి. ఇప్పుడు ఆ పసివాళ్లు లారీల మధ్య పరుగెత్తి రోడ్డు దాటుతున్నారు.

అందుకే ఈ వీధి వాళ్లు గట్టిగా అనుకున్నారు. ఎవరొచ్చి అడిగినా పిల్లలు లేరు. పేరే చెప్పకపోతే ఎవరిని మారుస్తారు? తమ తెలివికి తామే మురిసిపోయారు కూడా.

వచ్చినాయన యాభై దాటిన బక్కమనిషి. నేరుగా కుట్టుమిషన్ అక్క ఇంటి ముందే ఆగాడు.

ఆ వీధిలో నోరున్న మనిషి ఆవిడే. ఐదో తరగతికి వచ్చిన కూతురు, అత్తగారు, ముందుగదిలో మిషను. వీధి చివరి బడిలో ఉన్న ఒక్క పంతులమ్మ అన్నీ చెప్పలేకపోతోందని, ఇంకో మాస్టారిని ఇమ్మని మూడేళ్లలో నాలుగు అర్జీలు పెట్టించింది. ఒక్కదానికీ జవాబు రాలేదు. పైగా ఈ వేసవిలో ఆ పంతులమ్మ కూడా రిటైరైపోయింది.

"ఏం కావాలి?" అంది మిషను ఆపకుండానే.

"లెక్కల కోసం పంపారమ్మా నన్ను. ఇంట్లో చదువుకునే పిల్లలున్నారా?"

"లేరు."

ఆయన గుమ్మం పక్కనున్న చిన్న చెప్పుల జత వైపు చూశాడు.

"అవి మా అత్తగారివి."

అత్తగారు జానెడున్నర పాదాలు చీర కిందికి లాక్కుని అవునంది.

ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. కొత్త ఏడాదికి పేర్లు కొత్తగా రాయాలని, సోమవారం బడి తెరిచేనాటికి ఇరవై కావాలని మెల్లగా చెప్పాడు.

"లేకపోతే నన్ను వెనక్కి పంపేస్తారమ్మా."

"పంపితే వెళ్లు. మాకు లెక్కలూ వద్దు, లెక్కలవాళ్లూ వద్దు."

ఆయన మొహం చిన్నబోయింది. "లెక్కలు వద్దంటే ఎలాగమ్మా? రేపు ఇబ్బంది పడేది పిల్లలే కదా."

"బెదిరిస్తున్నావా?"

మిషను ఆగింది. ఆవిడ లేచి మొహం మీదే తలుపేసింది.

కిటికీలోంచి చూస్తే ఆయన ఇంకా పోలేదు. గోడ దగ్గర వంగి, జేబులోంచి సుద్దముక్క తీసి ఏదో రాస్తున్నాడు. ఆవిడకు ఒళ్లు మండిపోయింది. పక్కవీధిలో కూడా ముందు సుద్దతో గోడల మీద గుర్తులే వేశారు.

బకెట్ నీళ్లు తెచ్చి గోడకేసి కొట్టింది. సగం ఆయన మీద పడ్డాయి, మిగతావి రిజిస్టరు మీద.

కిటికీల వెనక వీధంతా కిసుక్కున నవ్వింది. ఆయన రిజిస్టరును చొక్కాకు తుడుచుకుంటూ పక్కింటికి నడిచాడు. అక్కడ ముగ్గురు పిల్లల తల్లి తనకింకా పెళ్లే కాలేదంది.

లోపల కూతురు ఏడుపు మొహం పెట్టింది.

"ఎందుకు కడిగేశావమ్మా? అది నేను రాసుకున్న భాగహారం. తొంభై ఆరుని పన్నెండుతో భాగిస్తే నేను ఏడు వేశాను. ఆయన దాన్ని చెరిపి ఎనిమిది చేశాడు."

"ఉన్నదాన్ని మార్చి రాయడం వాళ్లకలవాటే," అంది తల్లి.

ఆ మనిషి మర్నాడూ వచ్చాడు, ఆ మర్నాడూ వచ్చాడు. కాళ్లరిగేలా తిరిగాడు. మూడోరోజు సెలూన్ ఆయన దారికడ్డంగా నిలబడి, మా దగ్గర నీ పప్పులుడకవు, ఇంకోసారి కనిపిస్తే మర్యాద దక్కదని చెప్పి పంపేశాడు. వెళ్లేముందు ఆయన బడి గేటు దగ్గర కాసేపు నిలబడ్డాడు. ఆ సాయంత్రం వీధిలో అందరూ గెలిచినట్టే తిరిగారు.

సోమవారం ఉదయం కుట్టుమిషన్ అక్క కూతురికి కొత్త గౌను తొడిగి, చెయ్యి పట్టుకుని బడికి తీసుకెళ్లింది. ఒక్కో ఇంట్లోంచీ దాచిన పిల్లలందరూ బయటికొచ్చారు. సెలూన్ ఆయన లెక్కపెట్టి ఇరవై ఆరుగురని నవ్వాడు.

బడి గేటుకు తాళం వేసి ఉంది. తాళం పక్కన కాగితం అంటించి ఉంది.

"ఆ లెక్కలాడు చేసిన పనే ఇది," అంది ఆవిడ పళ్లు కొరుకుతూ. "చదువు బాబాయ్, ఏం రాసి చచ్చాడో."

సెలూన్ ఆయన కళ్లజోడు పెట్టుకుని అందరికీ వినబడేలా మొదలుపెట్టాడు. వీధిలో పిల్లలు లేనందున బడి మూసివేయడమైనది. ఎవరైనా ఉన్నచో హైవే అవతలి బడిలో చేరవలెను.

అక్కడ ఆగిపోయాడు.

"చదువు బాబాయ్, ఇంకో వాక్యముంది కదా."

ఆయన గొంతు తగ్గించి చదివాడు.

"ఈ వీధివారు పెట్టుకున్న నాలుగు అర్జీలను మన్నించి ఈ బడికి వేసిన లెక్కల మాస్టారికి, మూడు రోజులు ఇంటింటికీ తిరిగినా ఒక్క పేరూ దొరకనందున, ఆయనను వెనక్కి పిలిపించడమైనది."