సంచీ మనిషి

“కరెంటు పోయింది, ఇన్వర్టర్‌కి ఫ్యాను తగిలించమంటే, ఆ మెరిసే నెట్ డబ్బా తగిలిస్తావేం?” అత్తగారు విసనకర్ర మంచం మీదికి విసిరికొట్టింది.

“మీ మనవరాలి ప్రవేశ పరీక్ష నెట్‌లోనే అత్తయ్యా. గంటన్నర ఓర్చుకోండి. ఇది తప్పితే మళ్ళీ ఏడాదికే.”

“దానిది ఒక పరీక్ష, నాది చెమట పరీక్ష!”

కోడలు నవ్వాపుకుని మెట్ల వైపు తలుపు తీసింది.

పై వాటాలో కొత్తగా దిగినాయన మళ్ళీ మెట్ల మీదే కూర్చున్నాడు. గోడ మీద, అన్ని వాటాలకీ నెట్ వచ్చే పెట్టె మూత తీసి ఉంది. అందులోంచి ఒక తీగ ఆయన ఒళ్ళోని సంచిలోకి పోయింది.

ఈ వారంలో ఇది మూడోసారి. కరెంటు పోవడం, ఈయన ఊడిపడడం.

ఆమెను చూడగానే సంచి మీద తువ్వాలు కప్పాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు.

“ఏం చేస్తున్నారండీ?”

“ఏం లేదమ్మా. గాలికి.”

“గాలికా, మా నెట్ లాక్కోవడానికా? ముందు ఆ తీగ తీయండి.”

“మీ అమ్మాయి పరీక్ష అయ్యేదాకా ఉండనివ్వండమ్మా.”

ఆమె గొంతు పెంచింది. “మా అమ్మాయి పరీక్ష సంగతి మీకెలా తెలుసు?”

ఆ గొంతుకి రెండు తలుపులు తెరుచుకున్నాయి. ఆయన తల వంచుకుని తీగ ఊడదీసి, సంచి చంకన పెట్టుకుని పైకెళ్ళిపోయాడు.

మరుక్షణం లోపల్నుంచి కేక. “అమ్మా! నెట్ పోయింది! ఇంకా పది ప్రశ్నలున్నాయి!”

“చూశారా? కక్షకొద్దీ ఏదో తెంపేసి పోయాడు!” అంది ఇరుగుపొరుగుతో.

ఇంటి యజమానికి ఫిర్యాదు వెళ్ళింది. మూడో రోజుకి పై వాటా ఖాళీ అయింది.

ఆ మర్నాడు నెట్ మెకానిక్ వచ్చి పెట్టె చూశాడు.

“ఏదీ తెగలేదండీ. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే చాలదు, కరెంటు పోతే ఈ పెట్టె కూడా ఆగిపోతుంది. పై ఆయన తన బ్యాటరీ తగిలించేవాడు. మా ఆఫీసువాళ్ళు ఒప్పుకోరు, ఎవరికీ చెప్పకండని నేనే అన్నాను.”

ఇంకా ఏదో చెప్పాడు. ఆమె గుమ్మం పట్టుకుని విన్నది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర కూతురు కంచంలో కెలుకుతోంది. తల ఎత్తడం లేదు.

ఆమె గరిటె కింద పెట్టింది. “ఆయన ఎక్కడ దిగాడో కనుక్కుని సాయంత్రం వెళ్తున్నాను. క్షమించమని అడగాలి.”

“మరీ అంతెందుకు?” అన్నాడు భర్త. “తన నెట్ కోసం తను పెట్టుకున్నాడు. దాంతోపాటు మనకీ వచ్చింది, అంతేగా.”

“మన పిల్ల పరీక్షకి గట్టిగా చదువుకుంటుంటే పై వాటాలో ఆయనకి వినిపించేదట. ఆయనింట్లో అసలు నెట్టే లేదటండీ.”