ఏడో నంబరు సీసా

“పరీక్షకి సంచిలోని మూత్రం పట్టివ్వకండి. అది పాతది. నర్సమ్మచేత నేరుగా పొట్టమీది దారిలోంచే తీయించుకోండి.”

మళ్లీ మొదలెట్టాడు మహానుభావుడు.

ల్యాబ్ కిటికీ వెనకున్న ఆమెకి ఒళ్లు మండింది.

మూత్రాశయం తీసేసి, పొట్టమీద దారి చేసి సంచి తగిలించినవాళ్లు కూర్చునే బెంచీ అది. నెలకోసారి ఈ ముసలాయన అక్కడ చేరతాడు. అడిగినా అడక్కపోయినా అందరికీ పాఠాలే. ఆమె ఆయనకి పెట్టిన పేరు ఉచిత సలహా.

ఇవాళ అసలే ఆమె మనసు బాగాలేదు. వాళ్ల నాన్నకీ అదే ఆపరేషన్. మూడు నెలల్లో మూడుసార్లు మూత్రంలో క్రిములన్నారు, మూడు రకాల మందులు మింగించారు. తిండి సయించక మనిషి సగమయ్యాడు. ఇప్పుడు మళ్లీ క్రిములేనని ఇక్కడే వార్డులో చేర్చారు. సాయంత్రం నుంచి ఘాటు ఇంజెక్షన్లు. వాటివల్ల కిడ్నీలు దెబ్బతిన్నా తినొచ్చట.

ఫోన్లో అమ్మకి అదే చెబుతుంటే ఆయన కిటికీలో తల పెట్టాడు.

“నాన్నగారికి జ్వరముందా అమ్మా?”

“లేదు.”

“నొప్పి?”

“లేదండీ.”

“మరి మందెందుకు? మాలాంటివాళ్లకి క్రిములుండటం మామూలే. పెద్ద డాక్టరుగారిని ఓ మాట అడుగు.”

“మీరు డాక్టరా?”

“కాదమ్మా.”

“అయితే నా ప్రాణం తీయకండి. ఇంకెప్పుడూ ఇటు రాకండి.”

ఆయన తలూపి లోపలికి వెళ్లిపోయాడు.

కాసేపటికి పెద్ద డాక్టరు గదిలోంచి పరిశోధన సీసాలొచ్చాయి. వాటిమీద పేర్లుండవు, నంబర్లే. ఏడో నంబరు చూడగానే ఆమెకి విసుగొచ్చింది. తను ఉద్యోగంలో చేరినప్పట్నుంచీ అందులో క్రిములే. ఈ మనిషికి ఎవరూ మందివ్వరేం?

మధ్యాహ్నం పెద్ద డాక్టరు పిలిచారు.

“మీ నాన్నగార్ని చూసొచ్చాను. ఇంజెక్షన్ అక్కర్లేదు, ఆపించేశాను.”

“క్రిములున్నాయి కదా సార్?”

“ఉండనీ. జ్వరం లేదు, నొప్పి లేదు. మన ఏడో నంబరాయనకి పదకొండేళ్లుగా ఉన్నాయి. మందివ్వకుండా నెలనెలా చూస్తూనే ఉన్నాం. కిడ్నీలు నిక్షేపంగా ఉన్నాయి. అలాంటివాళ్ల వల్లే నాకీ ధైర్యం.”

ఆమెకి ఏడుపొచ్చినంత పనైంది.

“మా నాన్న సంగతి మీకెవరు చెప్పారు సార్?”

“ఆయనే. పొద్దున సీసా ఇస్తూ చెప్పారు.”

“ఈసారి వచ్చినప్పుడు చూపించండి సార్, దణ్ణం పెట్టుకుంటాను.”

“ఇక రారటమ్మా. ఒక్క నెల కూడా మానని మనిషి, ఎవరో రావద్దన్నారట. ఎవరని ఎంత అడిగినా చెప్పలేదు.”