పదకొండు కిలోమీటర్లు

"నా బనియను జేబులో నీకేం పని అప్పా?"

మల్లికార్జున్ గొంతు వినగానే హర్ష చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. డ్రెస్సింగ్ రూమ్‌కు ఇంకెవరూ రాలేదు. గోడకు వరసగా తగిలించిన నల్ల బనియన్లలో ఎనిమిదో నంబరుది మల్లికార్జున్‌ది, దాని పక్కన పద్నాలుగోది హర్షది.

"సుమ్నే అన్నా, ఊరికే. ట్రాకర్‌లో చార్జింగ్ ఉండాదా లేదా అని చూస్తా ఉన్నా."

"అది చూసేదానికి మహబూబ్ బాషా ఉండాడు కదా."

"ఉండాడన్నా." హర్ష తల వంచుకుని, కట్టి ఉన్న బూటు లేసులను విప్పి మళ్లీ కట్టుకోసాగాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడమంటే ఇదే అనుకున్నాడు మల్లికార్జున్.

ఆటగాళ్లు జెర్సీ కింద తొడుక్కునే ఆ బనియనుకు వీపున చిన్న జేబు ఉంటుంది. అందులో ఆ ఆటగాడి నంబరు వేసిన అగ్గిపెట్టెంత ట్రాకర్. ఎవరెంత దూరం పరిగెత్తారో అది పట్టేస్తుంది. ప్రాక్టీసు కాగానే ఆ అంకెలు గోడ మీది తెరపై పేరుపేరునా పడతాయి. కొత్త కోచ్‌కు ఆ తెర దేవుడి పటంతో సమానం. కళ్లెదుట జరిగిందాన్ని నమ్మడు గానీ తెర మీద పడిందాన్ని నమ్ముతాడు.

ఆ నమ్మకమే ఈ సీజన్‌లో మల్లికార్జున్‌ను కాపాడుతోంది. అతనికి ముప్పై నాలుగేళ్లు. ఆస్టిన్ టౌన్ మట్టి గ్రౌండులో బంతి తన్నడం మొదలుపెట్టి, గోవా, కోల్‌కతా క్లబ్బులు తిరిగి, చివరికి సొంత ఊరి క్లబ్బుకు వచ్చిన మిడ్‌ఫీల్డర్. ఈ ఏడు మోకాలు మొండికేసింది. గంట దాటితే అడుగు తీసి అడుగు వేయడం గగనమవుతోంది. అయినా తెర మీద మాత్రం రోజూ పదకొండు కిలోమీటర్లకు తగ్గడం లేదు. "కాలు అబద్ధం చెప్తుంది, మిషన్ చెప్పదు" అని ఇంట్లో గొప్పలు పోయేవాడు.

హర్షకు ఇరవై మూడేళ్లు. ఆడేది మల్లికార్జున్ ఆడే చోటే. అతని అంకె ఏడు దాటితే గొప్ప. ఒళ్లు దాచుకుంటున్నాడని కోచ్ మూడు నెలలుగా తిడుతున్నా ఒక్కనాడూ ఎదురు చెప్పలేదు. అంత ఓర్పు వెనక ఏదో ఉండే ఉంటుందని మల్లికార్జున్‌కు మొదటినుంచీ అనుమానమే.

మర్నాడు శుక్రవారం ప్రాక్టీసు మ్యాచ్. మల్లికార్జున్‌కు ఇంకో ఏడాది కాంట్రాక్టు ఇవ్వాలా వద్దా అన్నది ఆ మ్యాచ్ అంకెలు చూసి తేలుస్తానని కోచ్ చెప్పేశాడు. ఇవ్వకపోతే ఇక ఆట ముగిసినట్టే. ఆ వయసులో పిలిచే క్లబ్బు ఇంకోటి లేదు.

సాయంత్రం మడివాళలోని ఇంట్లో భార్య హేమలతకు జరిగింది చెప్పాడు.

"ఆ పిల్లోనికి యాల మీ అంకెలు?" అంది ఆమె, చిక్కుళ్లు ఒలుస్తూ. "వానికింకా రెండేండ్ల కాంట్రాక్టు ఉండాది కదా."

"కాంట్రాక్టు ఉంటే సాలునా? నేను పోతే నా చోటు వానిది. రేపు నా ట్రాకర్ వాని బనియన్లోకి మారిందనుకో. నా పదకొండు వాని పేర పడతాది, వాని ఏడు నా పేర పడతాది."

"వచ్చిన కొత్తలో క్లబ్బోళ్లు వాన్ని పంపించేస్తా ఉంటే అడ్డం పడింది మీరే. అది మరిసే రకంగా కనపడడు నాకు."

"ఏరు దాటినాక తెప్ప తగలేసే కాలమే ఇది."

హేమలత చిక్కుళ్ల గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్లింది. మల్లికార్జున్‌కు ఆ రోజు అన్నం సయించలేదు.

శుక్రవారం అందరికంటే ముందు హెబ్బగోడి అవతలి గ్రౌండుకు చేరుకున్నాడు. సామాన్లు చూసుకునే మహబూబ్ బాషా చార్జింగ్ పెట్టె తెరవగానే ఎనిమిదో నంబరు ట్రాకర్ తనే తీసుకున్నాడు. నంబరు రెండుసార్లు చూసి, జేబులో పెట్టి, జిప్పు లాగి, బనియను అప్పటికప్పుడే తొడుక్కున్నాడు.

కాసేపటికి హర్ష వచ్చాడు. మల్లికార్జున్‌ను చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"అప్పుడే వేసేసుకున్నావా అన్నా?"

"వేసుకుంటే ఏం?"

"జిప్పు సరిగా పడినట్టు లేదు. ఒకసారి ఇప్పన్నా, నేను సరిచేసిస్తా."

"సరిగానే ఉండాది."

"అన్నా, ఈ పొద్దొక్కటి నా మాట విను."

"ఈ పొద్దొక్కటే నీ మాట విననప్పా."

హర్ష ఏదో చెప్పబోయాడు. ఇంతలో మిగతా ఆటగాళ్లు లోపలికి రావడంతో నోరు మూసుకున్నాడు. అతని మొహంలో నెత్తురు చుక్క లేదు. దొంగ ఎత్తు పారలేదని మల్లికార్జున్ లోలోపల సంబరపడ్డాడు.

మ్యాచ్ తొంభై నిమిషాలూ మోకాలిని తిట్టుకుంటూ, పళ్లు బిగపట్టి ఆడాడు. అయ్యాక అందరూ తెర ముందు కూర్చున్నారు. అంకెల పని చూసే చైత్ర మీట నొక్కింది.

హర్ష, పదకొండు పాయింట్ మూడు. మల్లికార్జున్, ఆరు పాయింట్ తొమ్మిది.

మల్లికార్జున్ లేచి నిలబడ్డాడు. "సార్, మార్చేసినాడు. నిన్న నా జేబులో చెయ్యి పెట్టింది నేనే కళ్లారా చూసినా. ఎట్లనో మార్చేసినాడు. వాన్ని అడగండి."

కోచ్ హర్ష వైపు చూశాడు. హర్ష తల ఎత్తలేదు. చైత్ర వచ్చి మల్లికార్జున్ వీపున జిప్పు లాగి ట్రాకర్ బయటికి తీసింది. దాన్ని అందరికీ కనబడేలా పట్టుకుంది.

"ఎనిమిదే సార్. ఇది ఈయనదే."

మూడు నెలల్లో మల్లికార్జున్ తన ట్రాకర్ తాను మోసింది ఆ ఒక్క రోజే.